పేరు వెనకాల మూడక్షరాలు

పిన్నిగారూ, ఆ కరివేపాకు మొక్కకి ఇంకో చెంబెడు నీళ్లు పొయ్యండి. జనవరిలో ఈ ఎండలేమిటని చూస్తున్నారేమో, సిడ్నీకి ఇది నడివేసవి. మధ్యాహ్నానికి ఆకు మాడిపోతుంది.

ఇదా? ఇవాళ్టి పేపరండీ. ఈ సన్నక్షరాల పేర్లు చూసి పరీక్షా ఫలితాలనుకున్నారా! కాదు, ఈ దేశం తన మనుషులకిచ్చే గౌరవాల జాబితా. అవును, మన పద్మశ్రీ, పద్మభూషణ్‌లాంటివే. మనవి రిపబ్లిక్ డేకి ప్రకటిస్తారు కదా, వీళ్లవీ జనవరి 26నే వస్తాయి. వీళ్లకి ఇవాళ ఆస్ట్రేలియా డే. మళ్లీ జూన్‌లో రాజుగారి పుట్టినరోజు సెలవుకి ఇంకో జాబితా వేస్తారు. దీని పేరు ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా. అన్నిటికన్నా పైది కంపానియన్, తర్వాత ఆఫీసర్, ఆ తర్వాత మెంబర్, చివర మెడల్. మెడల్ వచ్చినవాళ్లు పేరు వెనకాల ఓఏఎం అని మూడక్షరాలు రాసుకోవచ్చు.

నేను మాత్రం ఈ జాబితాని ఎప్పుడూ కిందినుంచే చదువుతాను. పైన ఉండేవాళ్లు జడ్జీలు, మంత్రులుగా చేసినవాళ్లు, పెద్ద ప్రొఫెసర్లు, కంపెనీలు నడిపినవాళ్లు. వాళ్లు పని చెయ్యలేదని అనను. కానీ వాళ్లలో చాలామందికి ఆ పనికి జీతం వచ్చింది, కుర్చీ వచ్చింది, పేరూ వచ్చింది. కింద మెడల్ వరసలో చూడండి. అడవి మంటలార్పే వలంటీర్లు, సముద్రం ఒడ్డున మునిగిపోయేవాళ్లని కాపాడే క్లబ్బుల వాళ్లు, ముసలివాళ్ల ఇళ్లకి భోజనం క్యారేజీలు చేరవేసేవాళ్లు, పల్లెటూళ్లో పిల్లలకి సంగీతం నేర్పినవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్క లైనే రాస్తారు. ఆ ఒక్క లైను వెనకాల ముప్ఫై, నలభై ఏళ్లుంటాయి.

ఈ మెడల్ వరసలోనే ఒకాయన గురించి చెప్పాలి. మీ కోడలి రక్తం నెగెటివ్ గ్రూపని, ఏడో నెలలో యాంటీ-డీ ఇంజెక్షన్ చేశారని మొన్న చెప్పారే, గుర్తుందా? తల్లిది నెగెటివ్, కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే, తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి విరోధం పుట్టొచ్చు. మొదటి కాన్పు సాధారణంగా గట్టెక్కుతుంది, ఆ తర్వాతి బిడ్డకే ముప్పు. వెనకటి రోజుల్లో మన ఊళ్లలో ఆవిడకి బిడ్డలు నిలవట్లేదని చెప్పుకునేవాళ్లు చూడండి, వాటిలో కొన్నిటికి కారణం ఇదే అయ్యుంటుంది. ఆ విరోధం పుట్టకుండా ఆపే ఆ ఇంజెక్షన్ ఫ్యాక్టరీలో పుట్టదు పిన్నిగారూ. యాంటీ-డీ గుణం రక్తంలో ఉన్న మనుషులు ప్లాస్మా ఇస్తే దాంట్లోంచి తీస్తారు. ఈ దేశం మొత్తం మీద అలాంటి దాతలు రెండువందలమంది కూడా లేరు.

వాళ్లలో అందరికన్నా పేరున్నాయన జేమ్స్ హారిసన్. 1951లో, పద్నాలుగేళ్లప్పుడు, ఆయన ఛాతీకి పెద్ద ఆపరేషన్ అయింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల రక్తం సీసాలకి సీసాలు ఎక్కించి బతికించారు. నేనూ ఇస్తానని ఆ పిల్లాడు అప్పుడే అనుకున్నాడు. పద్దెనిమిది నిండందే తీసుకోరు కాబట్టి ఆగి, 1954లో మొదలుపెట్టాడు. కొన్నేళ్లకి డాక్టర్లు ఆయన రక్తంలో ఈ యాంటీ-డీ గుణం చాలా గట్టిగా ఉందని కనిపెట్టారు. ఇక అక్కణ్ణుంచి ప్లాస్మా ఇస్తూనే ఉన్నాడు. 2018లో ఎనభయ్యొకటో ఏట, వయసు దాటింది ఇక వద్దని వాళ్లు ఆపేదాకా 1,173 సార్లు ఇచ్చాడు. ఒక్కసారి కూడా సూది వైపు చూడలేదట. సూదంటే భయం ఆయనకి! చూపు ఇంకెటో తిప్పుకుని కూర్చునేవాడు. అంత భయంతోనే అరవై ఏళ్లకి పైగా వెళ్లాడు, ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. ఇరవైనాలుగు లక్షల మంది పసిపిల్లలకి ఆయన వల్ల మేలు జరిగిందని ఇక్కడి రక్తదాన సంస్థవాళ్లు అంచనా కట్టారు. ఆయన సొంత కూతురికీ ఆ ఇంజెక్షనే ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఎనభై ఎనిమిదేళ్లకి నిద్రలోనే వెళ్లిపోయాడు, పుణ్యాత్ముడు.

ఆయనకి 1999లో ఇచ్చింది ఏమిటనుకున్నారు? ఈ కింది మెట్టే, మెడల్. పై మెట్టు ఇవ్వాల్సింది కదా అని మీరంటారు. నేనూ అంటాను. ఒక పెద్ద సంస్థకి చైర్మన్‌గా ఉన్నాయనకి ఆఫీసర్ వచ్చి, ఇన్ని ప్రాణాలు నిలబెట్టినాయనకి మెడల్ రావడం ఏ లెక్కన న్యాయం? ఎవరెవరిని ఎక్కడ నిలబెట్టాలన్నదాని మీద ఇక్కడ ప్రతి ఏడూ వాదన జరుగుతుంది. జరగాలి కూడా.

ఇంకొకాయన గురించి చెప్తాను, ఈయన అచ్చంగా పక్కింటి మనిషే. ఈ సిడ్నీలోనే, హార్బరు మొదట్లో వాట్సన్స్ బే అని ఉంది. అక్కడ సముద్రం మీదికి నిలువుగా దిగే కొండ అంచుని గ్యాప్ అంటారు. బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్లు కొందరు అక్కడికి వస్తుంటారు. దానికి ఎదురుగా రోడ్డుకి ఇవతలే డాన్ రిచీ అనే ఆయన ఇల్లు. ఇన్సూరెన్స్ అమ్మే ఉద్యోగం చేసిన మామూలు మనిషి. పొద్దున్నే కిటికీలోంచి చూడటం, అంచు దగ్గర ఎవరైనా ఒంటరిగా, ఎక్కువసేపు నిలబడి ఉంటే నెమ్మదిగా దగ్గరికెళ్లడం, నవ్వుతూ పలకరించడం, మీకేమైనా సాయం కావాలా అని అడగటం. మా ఇంటికొచ్చి ఒక కప్పు టీ తాగండి అని పిలవడం. ఇంట్లో భార్య టీ పెట్టేది. నలభై ఏళ్లకి పైగా ఆ మొగుడూ పెళ్లాలు చేసింది ఇదే. అధికారికంగా లెక్కకొచ్చినవాళ్లే నూటఅరవై మంది, ఇంటివాళ్లు ఇంకా చాలామంది అంటారు. అందరినీ ఆపలేకపోయాడు, ఆ బాధా మోశాడు. వెనక్కి తిరిగినవాళ్లలో కొందరు ఏళ్ల తర్వాత కార్డులు పంపేవాళ్లట, వచ్చి కూర్చుని వెళ్లేవాళ్లట. 2006లో ఆయనకీ ఈ మెడలే ఇచ్చారు. 2012లో పోయాడు.

చూడండి, ఆయన సముద్రం కనిపించే ఇల్లు కొనుక్కున్నాడు. కిటికీకి తెర వేసుకుని కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆయన వేసుకోలేదు, అందుకే ఆయన పేరంటే నాకు అంత గౌరవం.

ఇవన్నీ ఢిల్లీలో ఎవరో కూర్చుని తేల్చినట్టు ఇక్కడ కాన్‌బెర్రాలో తేలుస్తారా అని అడుగుతారేమో. చివర తేల్చేది అక్కడే. పేరు పంపేది మాత్రం మనలాంటివాళ్లం. ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు, తన పేరు తను తప్ప. మన పద్మ అవార్డులకీ ఇప్పుడు జనం ఆన్‌లైన్‌లో పేర్లు పంపుతున్నారు కదా, ఇక్కడ మొదటినుంచీ అదే పద్ధతి. ఫారం నింపి, ఆ మనిషి ఏం చేశారో రాసి, ఆ పని దగ్గరనుంచి ఎరిగినవాళ్ల పేర్లివ్వాలి. గవర్నర్ జనరల్ ఆఫీసువాళ్లు వాళ్లని అడిగి కనుక్కుంటారు. ఆ తర్వాత పంతొమ్మిది మంది ఉండే కౌన్సిల్ చూస్తుంది, అందులో ప్రతి రాష్ట్రం తరఫునా ఒకరుంటారు. ఇదంతా అయ్యేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ సదరు మనిషికి ఈ సంగతి తెలియనివ్వకూడదు. ఒప్పుకుంటే మీకిస్తామని చివర్లో ఉత్తరం వస్తుంది. వద్దనుకున్నవాళ్లు వద్దని రాసేయొచ్చు, ఎవరికీ తెలియదు.

ఈ ఆర్డర్ పుట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు. అంతకు ముందు ఇక్కడివాళ్లకీ ఇంగ్లండువాళ్ల బిరుదులే, సర్లూ డేమ్‌లూ. గాఫ్ విట్లమ్ అనే ప్రధానమంత్రి మన దేశం గౌరవాలు మనకుండాలని 1975 ఫిబ్రవరి 14న దీన్ని మొదలుపెట్టించాడు. మరుసటి ఏడాదే తర్వాతొచ్చిన మాల్కం ఫ్రేజర్ ఇందులోకే మళ్లీ సర్, డేమ్ బిరుదులు తెచ్చాడు. అప్పుడే కింద ఈ మెడల్ కూడా చేర్చాడు, ఆ ఒక్క పనికి ఆయనకి దణ్ణం పెట్టాలి. నోబెల్ బహుమతి వచ్చిన నవలా రచయిత పాట్రిక్ వైట్ తనకిచ్చిన కంపానియన్‌ని ఆ ఏడాదే తిప్పి పంపేశాడు. 1986లో ప్రధాని బాబ్ హాక్ సర్లని తీసేశాడు. 2014లో ప్రధాని టోనీ అబాట్ మళ్లీ తెచ్చాడు. తెచ్చి, 2015లో ఇదే జనవరి 26న ఆస్ట్రేలియా సర్ బిరుదు ఎవరికిచ్చాడనుకున్నారు? రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్‌కి! జనం మండిపడ్డారు. సొంత పార్టీవాళ్లే తల పట్టుకున్నారు. ఆ సెప్టెంబరులోనే ఆయన పదవి పోయింది, కారణం అదొక్కటే కాదనుకోండి. తర్వాతొచ్చిన మాల్కం టర్న్‌బుల్ నవంబరులో సర్లని మళ్లీ ఎత్తేశాడు.

నాకు ఈ దేశంలో నచ్చిన సంగతుల్లో ఇదొకటి. పేరు ముందు బిరుదు పెట్టుకుని నడిచే మనిషి వీళ్లకి పడడు. పేరు వెనకాల రెండు మూడక్షరాలు ఉండనీ, పిలిచేటప్పుడు మాత్రం ఉత్త పేరుతోనే పిలుస్తారు.

ఆ పతకం ఎలా ఉంటుందంటారా? వాటిల్ పువ్వు మీంచి తీసుకున్న రూపం. వాటిల్ అంటే వీళ్ల జాతీయ పుష్పం, మన తుమ్మకి దగ్గర చుట్టం. తుమ్మ పూసినప్పుడు పచ్చగా, గుండ్రంగా, బంతుల్లా ఉంటాయే, ఇదీ అంతే. ఆగస్టు, సెప్టెంబరు దాకా ఉంటే మీరే చూస్తారు, రోడ్ల పక్కన విరగబూస్తుంది. రూపం గీసినాయన స్టూవర్ట్ డెవ్లిన్. మీ మనవడు డబ్బాలో దాచుకునే నాణేలున్నాయి కదా, ఐదు సెంట్ల మీద ఎకిడ్నా, ఇరవై సెంట్ల మీద ప్లాటిపస్, ఆ బొమ్మలూ ఆయనవే, 1966 నాటివి. కోటుకి పెట్టుకునే చిన్న పిన్ను కూడా ఇస్తారు. ఈసారి రైల్లో ఎవరైనా పెద్దాయన కాలరు మీద గుండ్రటి బంగారు పువ్వు చిన్నది కనిపిస్తే అదేనని గుర్తుపట్టండి.

అంతా పండగేనా అంటే కాదు పిన్నిగారూ, ఈ రోజుతోనే పేచీ ఉంది. 1788లో ఇదే తేదీన ఇంగ్లండు ఓడల వాళ్లు ఈ సిడ్నీ రేవులో దిగి జెండా పాతారు. ఈ నేల ఎవరిదో ఆ ఆదివాసులకి అది అన్నీ పోగొట్టుకోవడం మొదలైన రోజు. 1938లోనే వాళ్లు ఇదే రోజున సిడ్నీలో సంతాప దినం జరిపారు. అందుకే ఈ తేదీన గౌరవం అందుకోవడానికి మనసొప్పనివాళ్లున్నారు. జాబితా ఇంకో రోజుకి మారిస్తే ఏం పోతుందని నాకూ అనిపిస్తుంది.

ఆదివాసీ మహిళల్లో మొట్టమొదట ఈ ఆర్డర్‌లోకి వచ్చినావిడ లోయిచా ఓడనహ్యూ, 1976లో. ఆవిడ కథ వింటే మీకు అన్నం సయించదు. రెండేళ్ల పిల్లని తల్లి దగ్గరనుంచి తీసి మిషన్ వాళ్లకి అప్పజెప్పారు. అప్పట్లో ఆదివాసీ పిల్లల్ని అలా వేలకొద్దీ విడదీశారు. మళ్లీ తల్లిని చూసేసరికి ముప్ఫై ఏళ్లు దాటింది. నర్సు చదువుకి వెళ్తే ఆదివాసీ పిల్లవని అడిలైడ్‌లో పెద్దాసుపత్రివాళ్లు చేర్చుకోం పొమ్మన్నారు. పోరాడి చేరింది. ఇంకో సంగతి, 1960ల మొదట్లో ఆవిడ మన అస్సాంలో నర్సుగా పని చేసింది! వెనక్కి వచ్చి తన జనం భూమి హక్కుల కోసం జీవితమంతా నిలబడింది. 1984లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్ అయింది. 1999లో కంపానియన్ ఇచ్చారు. తల్లి ఒళ్లోంచి విడదీసిన దేశమే చివరికి అన్నిటికన్నా పై మెట్టు ఇచ్చింది. దాన్ని తీసుకుని కూడా ఆవిడ మాట్లాడటం ఆపలేదు. 2024లో పోయింది.

సచిన్‌కి కూడా ఇచ్చారని మీ మనవడు చెప్పాడా? నిజమే, 2012లో మెంబర్ ఇచ్చారు. అది గౌరవార్థం, వేరే దేశాలవాళ్లకిచ్చే పద్ధతి. అలాగే మదర్ థెరిసాకి కంపానియన్, రతన్ టాటాకి ఆఫీసర్ ఇచ్చారు. అదలా ఉంచండి. ఇక్కడి పౌరుడిగా, మామూలు వరసలో, ఆ పై మెట్టు ఎక్కిన తెలుగాయన ఉన్నారు తెలుసా? చెన్నుపాటి జగదీశ్ గారు. మన కృష్ణా జిల్లా వ్యవసాయ కుటుంబం. ఏడో తరగతి దాకా కిరసనాయిలు దీపం ముందు చదువుకున్నారు. నాగార్జున యూనివర్సిటీ డిగ్రీ, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, ఢిల్లీలో పీహెచ్‌డీ. 1990లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి వచ్చారు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి తీగలతో కాంతినీ కరెంటునీ కలిపి చేసే పరిశోధన ఆయనది. 2016 జనవరి 26న కంపానియన్ ప్రకటించారు. 2022లో ఆస్ట్రేలియా సైన్స్ అకాడమీకే అధ్యక్షులయ్యారు. ఆయనా భార్యా కలిసి సొంత డబ్బుతో నిధి పెట్టి, వెనకబడిన దేశాల పిల్లలు ఆ యూనివర్సిటీకి వచ్చి పని నేర్చుకునే వీలు కల్పించారు.

ఆయన హైస్కూల్లో చదివే రోజుల్లో ఒక మాస్టారు తన ఇంట్లోనే మూడేళ్లు పెట్టుకున్నారట. ఈ సంగతి ఆయనే చెప్పుకుంటారు. పొరుగు పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి చదివించిన పంతుళ్లు మన జిల్లాల్లో ఎందరుండేవాళ్లు! వాళ్ల పేర్లు ఏ జాబితాలోకీ ఎక్కలేదు. ఎక్కించమని అడిగినవాళ్లూ లేరు.

నాకు మనసులో తొలిచేది అదే పిన్నిగారూ. అడగాలి. ఇక్కడి లెక్కే చూడండి, ఏళ్ల తరబడి ఈ జాబితాలో ఆడవాళ్లు మూడోవంతు దగ్గరే ఆగిపోయారు. ఆడవాళ్లు పని చెయ్యక కాదు, వాళ్ల పేర్లు పంపినవాళ్లు తక్కువై. వచ్చిన పేర్లలోంచే కదా కౌన్సిల్ ఏరాలి! ఆ సంగతి పట్టుకుని కొందరు ఆడవాళ్లు పూనుకుని, ఫారాలు ఎలా నింపాలో నేర్పి, పేర్లు పంపించారు. 2023 జూన్ జాబితాలో మొట్టమొదటిసారి మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువయ్యారు.

అందుకని నేనూ ఒక పేరు రాస్తున్నాను. మీ మనవరాలు వారం వారం తెలుగు బడికి వెళ్తుందే, ఆ టీచరుగారి పేరు. ఏళ్లనుంచి చూస్తున్నాను ఆవిణ్ణి. వారమంతా ఉద్యోగం, శనాదివారాలు ఈ పిల్లలు. అద్దెకి తీసుకున్న క్లాసురూము తాళం తీసి, తుడిచి, పలకలు సర్ది, మళ్లీ తాళం వేసి వెళ్లేది ఆవిడే. గుణింతాలు నేర్పడమే కాదు, కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి డాక్టరు ఎక్కడో, బస్సు ఎక్కడో, ఇంట్లో కష్టముంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పేది కూడా ఆవిడే. కిందటేడు ఆసుపత్రిలో ఇంగ్లీషు రాక ఒక పెద్దావిడ బెంగ పెట్టుకుంటే, రాత్రంతా పక్కనే కూర్చుంది.

మీ అబ్బాయి కూడా నాలుగు మాటలు రాస్తాడేమో అడుగుతారా? పొగడ్తలు అక్కర్లేదు. ఏ ఏడునుంచి పిల్లని పంపుతున్నాడో, పిల్ల ఏం నేర్చుకుందో, ఆవిడ ఎవరికి ఏం చేయగా తను కళ్లారా చూశాడో, అది చాలు. మీకు ఇంగ్లీషు రాదంటారేమిటి, మీరు తెలుగులో చెప్పండి, నేను కూర్చుని రాసిపెడతాను. మీ మనవరాలు వీడియోలో తాతగారికి పద్యం చదివి వినిపించిన రోజు సంగతి తప్పకుండా చెప్పాలి.

సాయంత్రం ఎండ తగ్గాక ఇటు రండి, కాఫీ తాగుతూ మొదలుపెడదాం. ఆదివారం బడి దగ్గర ఆవిడ కనిపిస్తే మాత్రం ఈ ఊసెత్తకండి, మీ మనవరాలికీ చెప్పకండి.